బొటనవేలితో కాపురం

భోజనాల బల్ల మీద ఫోన్ పెట్టుకోని కుటుంబం బాగుపడదు!

కోప్పడకండి. ఈ మాట ఆవేశంలో అనడం లేదు. ఇరవై రెండేళ్లుగా కాపురం చేస్తున్నవాణ్ణి. పందొమ్మిదేళ్లుగా ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి. అంటే, ఎవరు ఏం రాసినా అందులో తప్పు పట్టుకోవడమే నా వృత్తి. కామా ఒక వెంట్రుకంత పక్కకి జరిగినా నాకు నిద్ర పట్టదు. అలాంటి నాకు భోజనాల దగ్గర ఫోన్‌లో ఇంతవరకు ఒక్క తప్పూ కనపడలేదు.

ఈమధ్య ఎవర్ని కదిలించినా ఇదే గోల. "పళ్లెం ముందు ఫోన్లేంటండీ! మనుషులు మాట్లాడుకోవడమే మానేశారు!" డాక్టర్లు అంటున్నారు. టీచర్లు అంటున్నారు. ఆ మాటే చెప్పే వీడియోని తింటూ తింటూ చూసి మా అత్తగారు కూడా అంటున్నారు.

అయ్యా, మాట్లాడుకుంటే ఏమవుతుందో వీళ్లలో ఒక్కరికైనా గుర్తుందా?

నాకు గుర్తుంది. నా చిన్నప్పుడు మా నాన్నా, బాబాయీ ఒకరోజు భోంచేస్తూ మాట్లాడుకున్నారు. వీధి కిటికీకి ఏ రంగు వేయిద్దాం అన్నది విషయం. నీలమా, ఆకుపచ్చా? పళ్లేలు ఎత్తేలోపు అది ఎవరి పెళ్లిలో ఎవరు ఎవరి గొడుగు పోగొట్టారన్న దాకా వెళ్లింది. పదకొండేళ్లు మాటల్లేవు! ఆ కిటికీకి ఈరోజుకీ రంగు లేదు. అదే ఆ రోజు ఇద్దరి చేతుల్లో చెరో ఫోనూ ఉండి ఉంటే? కిటికీకి రంగు లేకపోయినా అన్నదమ్ములు మిగిలేవారు కదా!

నోరా, వీపుకు దెబ్బలు తేకే అన్నారు పెద్దలు. పాపం వాళ్లకి ఫోన్ లేదు కాబట్టి నోటిని బతిమాలుకున్నారు. మనకా అవస్థ లేదు. నోటికి సెలవు, వీపుకి క్షేమం.

మా వీధి చివర టైలర్ దంపతులున్నారు. విడిపోదామని ఇద్దరూ ఏకగ్రీవంగా అనుకున్నారు. సావకాశంగా కూర్చుని మాట్లాడుకుందామనీ అనుకున్నారు. ఆరేళ్లయింది. కూర్చోవడం అవుతోంది గాని, కూర్చున్నాక ఎవరి ఫోన్ వాళ్లది. మాట్లాడుకోవడం కుదరక మొన్ననే పాతికేళ్ల పెళ్లిరోజు చేసుకున్నారు! కేకు కోస్తూ కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే గుర్తొచ్చేది.

మా అచ్చాఫీసు బైండరున్నాడు. క్యారియర్ విప్పి, మూతకి ఫోన్ ఆనించి, కుస్తీ పోటీలు చూస్తూ తింటాడు. ఏం తిన్నావయ్యా అంటే క్యారియర్ వాసన చూసి చెబుతాడు. కూరలో ఉప్పెక్కువైందని పదేళ్లలో ఒక్కసారి అన్న పాపాన పోలేదు. ఆ ఇల్లాలి అదృష్టం ఎంతమందికి ఉంటుంది చెప్పండి?

అంతదాకా ఎందుకు? మా ఇల్లే తీసుకోండి.

మా ఆవిడ నీటి పరీక్షలు చేసే ల్యాబ్‌లో పని చేస్తుంది. ఊళ్లో ఏ కుళాయి నీళ్లు తాగొచ్చో, ఏ కుళాయి నీళ్లు చూసి దణ్ణం పెట్టి వచ్చేయాలో తేల్చి చెప్పే ఉద్యోగం. రేపు సోమవారం పొద్దున ఆమె వేరే ఊరికి వెళ్తోంది. షికారుకి కాదు. అక్కడ కొత్త ల్యాబ్‌కి హెడ్‌గా. రెండేళ్లు!

ఇంత పెద్ద నిర్ణయం మా ఇంట్లో ఎలా జరిగిందో తెలుసా? మాటకి మాట పెరగలేదు. ఎవరూ అలగలేదు. ఒక్క తలుపు గట్టిగా పడలేదు. ఎందుకు పడలేదు? ఇంటి యజమానినైన నాకు ఆ సంగతి తెలియదు కాబట్టి!

నిర్ణయం జరిగి నాలుగు వారాలైంది. నాకు తెలిసింది నిన్న సాయంత్రం.

ఫోన్ మీద నింద వేద్దామని తొందరపడకండి. ఫోన్ తన పని తాను చక్కగా చేసింది. చెడగొట్టినదల్లా వేయించిన కోడి.

మా సందు మలుపులో, డ్రైక్లీనింగ్ షాపు పక్కన, మొన్నమొన్నటిదాకా తాళాలు బాగుచేసే కొట్టు ఉండేచోట, ఒక కొరియన్ చికెన్ హోటల్ వెలిసింది. ఎనిమిది బల్లలు. తలుపు తోస్తే గంట మోగుతుంది. ఓనరమ్మే వండుతుంది, ఓనరమ్మే వడ్డిస్తుంది, ప్లేట్లు కడిగేది ఆమె మొగుడు. నిన్న సాయంత్రం అందరం అక్కడికి వెళ్తున్నామని మా అమ్మాయి ప్రకటించింది. ఎందుకు అని నేను అడగలేదు. చేతిలో ఫోన్ ఉన్నవాడు ఎందుకు అని అడగడు. పదమంటే లేస్తాడు, కూర్చోమంటే కూర్చుంటాడు. మొగుళ్లని ఇంత సాధువుల్ని చేసిన యంత్రం ఇంకోటి ఉందా?

కూర్చున్నాం. నేనూ, మా ఆవిడా, కాలేజీ చదువుతున్న మా అమ్మాయీ, మా అత్తగారూ. నాలుగు ఫోన్లూ బల్ల మధ్యలో వెల్లకిలా పడుకున్నాయి. ఓనరమ్మ రెండు పెద్ద ప్లేట్లు తెచ్చిపెట్టింది. ఎర్రగా నిగనిగలాడుతున్న ముక్కలు, పైన నువ్వులు, పక్కన పుల్లటి ముల్లంగి ముక్కలు.

"రెండుసార్లు వేయిస్తామండీ," అంది గర్వంగా. "మొదటిసారి లోపల ఉడకడానికి, రెండోసారి పైన కరకరలాడటానికి."

అని ఊరుకుంటే బాగుండును. పళ్లెం పక్కన తలా ఒక జత ప్లాస్టిక్ గ్లవ్స్ పెట్టింది! ఆ సాస్ తేనెలా జిగురు, పైగా కారం. చేత్తో తినాల్సిందే, తింటే వేళ్లు అంటుకుపోతాయి. అందుకని గ్లవ్స్. మా అత్తగారు మాత్రం, "నాకీ సంచులొద్దమ్మా, చేతులు ఊపిరాడక చస్తాయి," అని ఫోర్కు తెప్పించుకున్నారు. మిగతా ముగ్గురం ఆపరేషన్‌కి వెళ్లే డాక్టర్లలా తొడుక్కున్నాం.

మొదటి ముక్క కొరికాను. కరకర మోగింది. లోపల్నుంచి ఆవిరి, మీద తీపి, వెనకనుంచి కారం. ఆహా అనుకుంటూ అలవాటు ప్రకారం ఎడం చేత్తో ఫోన్ అందుకోబోయాను.

చేతికి మోచేతి దాకా సాస్!

పాఠకులారా, అప్పుడర్థమైంది ఆ హోటల్ పన్నిన కుట్ర. గ్లవ్స్ తీస్తే తినలేం, తీయకపోతే ఫోన్ ముట్టుకోలేం. ఫోన్లు బల్ల మీద గిలగిలా వణుకుతున్నాయి. గ్లవ్స్‌లో ఉన్న ముగ్గురం నిస్సహాయంగా చూస్తున్నాం. పక్క బల్ల మీదా అంతే. ఒకాయన అటు కూర్చున్న కొడుకుని "నువ్వెప్పుడు గెడ్డం పెంచావురా?" అని అడుగుతున్నాడు. ఇదేనా ఒక హోటల్ చేయాల్సిన పని? కుటుంబాలు నడిచే తీరు ఇదేనా? ఇలాంటి చోట్లని ప్రభుత్వం వెంటనే మూయించవద్దా?

చేతులు ఖాళీ లేనప్పుడు నోరు ఊరుకోదు కదా. మా అమ్మాయి మొదలుపెట్టింది.

"అమ్మా, అక్కడ నీకు ఇలాంటి చికెన్ దొరుకుతుందో లేదో. బాగా తినేసెయ్."

"ఎక్కడ?" అన్నాను.

ముగ్గురూ నమలడం ఆపేశారు.

"ఎక్కడేంటి నాన్నా? సోమవారం అమ్మ వెళ్తోంది కదా."

"సోమవారం ఎక్కడికి?"

మా ఆవిడ ముల్లంగి ముక్కల గిన్నెలోకి చూస్తోంది, వాటికి కూడా ఏదో పరీక్ష చేయాల్సి ఉన్నట్టు. అమ్మాయే అందుకుంది.

"నాన్నా, జోక్ చేస్తున్నావా? ఇది సెండాఫ్ డిన్నర్. అందుకే వచ్చాం. హాల్లో వారం రోజులనుంచి సూట్‌కేసు కనిపించడం లేదా?"

కనిపించకేం! నిక్షేపంలా కనిపించింది. ప్లగ్గుకి దగ్గరగా ఉందని దాని మీద ఫోన్ పెట్టి ఛార్జింగ్ కూడా చేసుకుంటున్నాను. పాత బట్టలు ఎవరికో ఇస్తున్నారేమో అనుకున్నాను.

"నాకెవరూ చెప్పలేదే!" అన్నాను. గొంతు కాస్త లేచింది. చూశారా? ఫోన్ చేతిలో లేకపోయేసరికి గొంతులు ఎలా లేస్తాయో!

"చెప్పకపోవడమేంటి? అమ్మ మన గ్రూపులో పెట్టింది. ఫస్ట్ బొటనవేలు నీదే! పెట్టిన రెండు సెకన్లకే కొట్టావు. మా నాన్న ఎంత సపోర్టివ్వో చూడండి అని నా ఫ్రెండ్సందరికీ చూపించాను కూడా."

మా ఇంటి గ్రూపులో నలుగురం ఉంటాం. నలుగురం ఒకే ఇంట్లో ఉంటాం. అందులో మా ఆవిడ ఏది పెట్టినా నేను వెంటనే బొటనవేలి బొమ్మ పెడతాను. పెళ్లాం మాటకి విలువిచ్చే పద్ధతి అది. మౌనం అర్ధాంగీకారం అన్నారు. బొటనవేలు పూర్ణాంగీకారం! అయితే మెసేజ్ పొడుగ్గా ఉంటే ఫోన్ మొదటి మూడు లైన్లే చూపించి, కింద 'ఇంకా చదవండి' అంటుంది. అక్కడ నొక్కాలి. నేను ఎప్పుడైనా నొక్కానా అంటే, ఉద్యోగంలో రోజుకి అరవై పేజీలు చదువుతాను. ఇంటికొచ్చి కూడా చదవమంటే ఎలా?

అయినా నిజమేంటో చూడాలి. ఫోన్‌ని మోచేత్తో దగ్గరికి లాక్కున్నాను. గ్లవ్‌తోనే నొక్కాను. తెర మీద సాస్ పడింది గాని మెసేజ్ రాలేదు. వంగి ముక్కుతో నొక్కాను.

"నాన్నా, ముక్కుతో వద్దు! అందరూ చూస్తున్నారు!"

ముక్కు దెబ్బకి ఎవరో దూరపు బంధువుకి ఫోన్ వెళ్లింది. ఆయన హలో హలో అని అరుస్తున్నాడు. అప్పుడు మా అత్తగారు ఫోర్కు కింద పెట్టారు. బల్ల మొత్తానికి శుభ్రంగా ఉన్న చేతులు ఆవిడవే.

"ఆగండి అల్లుడుగారూ," అని తన ఫోన్ తీసి, కళ్లజోడు ముక్కు మీదికి దించి, వెతికి పట్టుకున్నారు. మా ఆవిడ కంగారుగా, "అమ్మా, ఇప్పుడెందుకే, వద్దు," అంటూనే ఉంది. మా అత్తగారికి మనసులో చదువుకునే అలవాటు లేదు. పైగా చెవుడేమో, పైకి చదివితే హోటలంతా వింటుంది.

"ఏవండీ, ఒక మంచి వార్త. మా ఆఫీసులో ఈరోజు పిలిచి మాట్లాడారు. చాలాకాలంగా అనుకుంటున్నదే..."

ఇంతవరకూ నాకు గుర్తుంది. నేను బొటనవేలు పెట్టింది ఇక్కడే. మా అత్తగారు 'ఇంకా చదవండి' నొక్కారు.

"కొత్త ల్యాబ్‌కి నన్ను హెడ్‌గా వెళ్లమంటున్నారు. రెండేళ్లు. నాకు వెళ్లాలనే ఉంది. కానీ మీరు వద్దంటే వెళ్లను. శుక్రవారం దాకా టైమిచ్చారు. ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

పక్క బల్లవాళ్లు కూడా నమలడం మానేశారు. వంటగదిలో నూనె చిటపటలొక్కటే వినిపిస్తున్నాయి.

ఆ కోడినే కాదు, నన్నూ రెండుసార్లు వేయించారు. మొదటిసారి కూతురు, రెండోసారి అత్తగారు.

"ఇలాంటి సంగతి గ్రూపులో పెడతారా ఎవరైనా?" అన్నాను చివరికి. పట్టుకోవడానికి నాకు దొరికిన తప్పు అదొక్కటే.

మా ఆవిడ తలెత్తింది. "ఎదురుగా చెబితే ఊఁ అంటారు. ఆ ఊఁ నాకో, ఫోన్‌కో తెలీదు. ఫోన్‌లో పెడితే కనీసం చూస్తారనుకున్నాను."

"చూశాను కదా!"

"చూశారు. బొటనవేలొచ్చింది. అయినా శుక్రవారం దాకా ఆగాను. రోజూ మీ ఎదురుగానే కూర్చుని తిన్నాను, ఏదైనా ఒక్క మాట అంటారేమోనని."

"నేనేమీ అనలేదా?"

"గురువారం ఉప్పు అడిగారు."

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట. ఇతరుల పుస్తకాల్లో కామాలు వెతికి వెతికి నా పెళ్లాం రాసిన ఆరు వాక్యాలు చదవనివాణ్ణి, ఆ బల్లి నాకన్నా నయం. ఆ క్షణాన నేను చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి. వెళ్లొద్దని చెప్పొచ్చు. వెళ్లమని చెప్పొచ్చు. నన్ను క్షమించమని చెప్పొచ్చు. నోరు తెరిచాను.

"సాస్ బాగుంది," అన్నాను.

ఓనరమ్మ దూరం నుంచి విని, "ఇంకో ప్లేటు తేనాండీ?" అంది. మా అమ్మాయి రెండు చేతుల్తో మొహం కప్పుకోబోయి, గ్లవ్స్ గుర్తొచ్చి ఆగిపోయింది.

ఇప్పుడు చెప్పండి. తప్పెవరిది? ఫోన్‌దా? ఛ! నాలుగు వారాలు మా ఇంట్లో ప్రశాంతతని కంటికి రెప్పలా కాపాడింది ఫోన్. ఆ గ్లవ్స్ లేకపోతే ఇంకా కాపాడేది. రేపు పొద్దున మా ఆవిడ సూట్‌కేసు తోసుకుంటూ వెళ్లిపోయేది, దాని మీదున్న నా ఛార్జర్ పక్కన పెట్టి మరీ. నేను ఒక వారానికి, పది రోజులకి, ఉప్పు అడిగినప్పుడు ఎవరూ అందివ్వకపోతే గాని తెలుసుకునేవాణ్ణి కాదు. అంత సాఫీగా జరిగిపోయే వియోగాన్ని చేతులారా పాడుచేశారు.

వచ్చేటప్పుడు ఓనరమ్మని పక్కకి పిలిచి నాలుగు జతల గ్లవ్స్ అడిగాను.

"పార్సిల్ ఏమిమ్మంటారు?"

"పార్సిల్ వద్దమ్మా. గ్లవ్స్ చాలు."

ఆమె నన్ను ఎగాదిగా చూసి ఆరు జతలిచ్చింది. వినే ఉంటుంది. హోటలంతా వింది.

ఈరోజు ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో నేనే పళ్లేలు పెట్టాను. ఒక్కో పళ్లెం పక్కన ఒక్కో జత గ్లవ్స్. వండింది బ్రెడ్డు, కోడిగుడ్ల అట్టు. గ్లవ్స్ ఏమాత్రం అక్కర్లేని భోజనం. మా అత్తగారు కూడా ఈసారి ఏమీ అనకుండా తొడుక్కున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది, ఒప్పుకుంటాను. ఫోన్లు మళ్లీ బల్ల మధ్యలో వణుకుతున్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

గొంతు సవరించుకున్నాను. రాత్రంతా మనసులో ప్రూఫు దిద్దుకున్న ప్రసంగం. మొదలుపెట్టేసరికి సగం మరిచిపోయాను. మిగిలింది చెప్పాను.

"నాలుగు వారాల క్రితం అది చదివుంటే వద్దనేవాణ్ణి," అన్నాను. "నిజం. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఏ వస్తువెక్కడుంటుందో నాకు తెలీదు. రెండ్రోజులు మొహం ముడుచుకుని తిరిగేవాణ్ణి. గొడవ పడేవాళ్లం. తలుపులు కూడా పడేవేమో. తర్వాత నాకే సిగ్గేసి శుక్రవారం పొద్దున వెళ్లమనేవాణ్ణి. ఎలాగూ నువ్వు వెళ్లేదానివే. కాకపోతే, నేను వెళ్లమంటే వెళ్లేదానివి. ఇప్పుడు నేనేమీ అనలేదు కాబట్టి వెళ్తున్నావు. ఆ తేడా రాత్రి నుంచి నన్ను తినేస్తోంది. ఇక్కడ నువ్వు లేకుండా నాకు బాగుండదు. అయినా వెళ్లు. ఇది బొటనవేలు కాదు, నోటితోనే చెబుతున్నాను."

నాలుగు నిమిషాలు మాట్లాడానట. మా అమ్మాయి గోడగడియారం చూసి లెక్కపెట్టింది. మా ఇంటి చరిత్రలో అదొక రికార్డు.

మా ఆవిడ అట్టు ముక్క మెల్లగా నమిలి మింగింది. మొహంలో ఏమీ తెలియడం లేదు. గ్లవ్ వేసుకున్న కుడి చెయ్యి పైకెత్తి, బొటనవేలు నిటారుగా నిలబెట్టి నాకు చూపించింది.

"విన్నావా అసలు?" అన్నాను.

"మీరు అప్పుడు చదివినంత విన్నాను," అంది.

మా అత్తగారు ముందు నవ్వారు. తర్వాత అమ్మాయి. ఆఖరికి ఆవిడా నవ్వింది, నవ్వుతూనే మోచేత్తో కళ్లు తుడుచుకుంది. నేనూ నవ్వాను. ఇంకేం చేయను? మా భోజనాల బల్ల దగ్గర నలుగురం ఒకే సంగతికి నవ్వి ఎన్నేళ్లయిందో లెక్క తెలియదు.

రైలు రేపు పొద్దున ఆరున్నరకి. స్టేషన్‌కి నేనే దింపుతానని మాటిచ్చాను. మరి నిద్రలేవాలి కదా? ఫోన్ లేకపోతే అలారం ఎవరు పెడతారు? చూశారా, మళ్లీ ఎవరు ఆదుకున్నారో! గ్లవ్స్ తీసేసి ఫోన్ అందుకున్నాను.

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. ముగ్గురూ నా వేళ్లకేసి చూస్తున్నారు.

"అలారం పెడుతున్నాను," అన్నాను.

ఎవరూ నమ్మలేదు.